ఎడంచక్రం దగ్గర చప్పుడు

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి, "సార్, ఈసారి సావనీరుకి మీరేదైనా రాయాలి, అందరికీ అర్థమయ్యేది" అన్నప్పుడు లోహాల అలసట గూర్చి రాద్దామనుకున్నాను. ఒక పేజీ రాసి చదువుకుంటే నాకే ఆవులింత వచ్చింది. అంచేత ఆ కాగితాలు పక్కన పెట్టి, నా పరువు కొంత పోయినా ఫరవాలేదని మా పాత కారు సంగతి రాస్తున్నాను. ఈ కాలేజీలోనే మెకానికల్ చదివి, ఇక్కడే పాఠం చెబుతున్నవాణ్ణి. ఒక బోల్టు ఎప్పుడు బిగించాలో నాకు తెలియలేదు. ఈ వ్యాసంలో నా వంతు కథ అంతే. మిగతాది ముందు చక్రం కథ.

కారు మారుతి 800. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలు చేతికిచ్చిన నాటినుంచి 2014 జనవరిలో తయారీ ఆపేసేదాకా, ముప్ఫయ్యేళ్ళపాటు, మధ్యతరగతివాడికి కారంటే చాలామటుకు అదే. 796 సీసీల ఇంజను, మూడు సిలిండర్లు, పన్నెండంగుళాల చక్రాలు, సుమారు ఆరున్నర క్వింటాళ్ళ బరువు. మా నాన్నగారు 1997లో కొన్నారు. ఆయన పోయాక అమ్మేద్దామని నేను రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ మా అమ్మ జవాబు చెప్పకుండా లేచి వంటింట్లోకి వెళ్ళింది. మూడోసారి అనలేదు.

2022 మొదట్లో ఎడమవైపు ముందు చక్రం దగ్గర చప్పుడు మొదలైంది. పెద్ద గోతుల్లో కాదు. చిన్న చిన్న గతుకుల మీద, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు, ఎవరో చెక్కపెట్టె మీద వేలిముడితో తట్టినట్టు టక్, టక్ అని. బ్రేకు వేసినప్పుడు మాత్రం ఒక్క మొత్తు. స్టీరింగు కాస్త ఎడమకి లాగుతోంది. టైరు లోపలి అంచు అరుగుతోంది. ఎవరిని అడిగినా "ఎలైన్‌మెంట్ చేయించండి సార్" అన్నారు. చేయించాను. మూడు నెలల్లో మూడుసార్లు చేయించాను. ప్రతిసారీ కంప్యూటరు కాగితం ఒకటి చేతికొచ్చేది, అందులో అంకెలన్నీ ఆకుపచ్చగా వుండేవి. చప్పుడు మాత్రం ఎలా వున్నది అలాగే వుండేది.

పదిహేనేళ్ళు నిండిన సొంత కారుకి రిజిస్ట్రేషను ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి కదా. మాకు ఆ ఏడాది మూడోసారి. దానికి ముందే ఒక షెడ్డులో రెండు లోయరు ఆర్ములూ ఊడదీయించి కొత్త బుష్షులు వేయించాను. నేను దగ్గరే నుంచున్నాను. కుర్రాడు చకచకా పని చేశాడు. చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులన్నీ బలంగా బిగించి, కారు దించి, "అయిపోయింది సార్" అన్నాడు. చప్పుడు మాయమైంది. వాడి చేతివాటం చూసి ముచ్చటపడి యాభై రూపాయలు పైన ఇచ్చాను కూడాను.

ఏడు నెలలు గడిచాయి. 2023 జనవరిలో అమ్మని అరకు తీసుకెళ్దామని బయల్దేరాము. శృంగవరపుకోట చేరేలోపల చప్పుడు మళ్ళీ వినపడింది. ఈసారి టక్కు కాదు, బొంగురుగా, నేల కిందినుంచి వచ్చినట్టుంది. ఎస్.కోట దాటితే ఘాట్ రోడ్డు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. టీ కొట్టు దగ్గర ఆపి, కిందకి వంగి చూశాను. ఏమీ కనపడలేదు, అసలు ఏం చూడాలో తెలిస్తే గదా. "ఏంటిరా?" అంది అమ్మ. "ఏం లేదమ్మా, ఇంటికి పోదాం" అన్నాను. ఆవిడ పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఇల్లు చేరేదాకా ఒక్క మాటా అడగలేదు. ముప్ఫై దాటకుండా వచ్చాము. అంతకన్నా తెలివైన పని నేను ఆ కారు విషయంలో అంతకుముందు చేయలేదని తరువాత తెలిసింది.

ఇక్కడ కాస్సేపు కథ ఆపి, ముందు చక్రం దగ్గర ఏమున్నదో చెబుతాను. మెకానికల్ వాళ్ళు ఒక్క రెండు పేరాలు ఓర్చుకోవాలి.

ముందు చక్రానికి మూడు పనులు. బరువు మొయ్యాలి, గతుకు వచ్చినప్పుడు పైకీ కిందకీ ఆడాలి, స్టీరింగు తిప్పినప్పుడు పక్కకి తిరగాలి. ఈ మూడూ ఒకేసారి జరగాలి, పైగా చక్రం ముందుకో వెనక్కో, లోపలికో బయటికో జారకూడదు. పాత అంబాసిడరులో బరువు మోసేది టోర్షన్ బారు, అంటే మెలిపడే ఉక్కు కడ్డీ. ఫియట్ పద్మినిలో కాయిల్ స్ప్రింగు. రెండింటిలోనూ చక్రాన్ని పట్టుకునే చేతులు రెండు, పైన ఒకటి, కింద ఒకటి. మారుతిలో పై చెయ్యి లేదు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు, షాక్ అబ్జార్బరునే లావుగా, బలంగా చేసి, దాని చుట్టూ స్ప్రింగు తొడిగి, దాన్నే పై చేతికి బదులుగా వాడవచ్చునని రూపకల్పన చేశాడు. 1950లో ఇంగ్లండులో ఫోర్డు కంపెనీ కాన్సల్, జెఫిర్ అనే కార్లలో దీన్ని పెట్టింది. ఖర్చు తక్కువ, చోటు తక్కువ. ఇంజను అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే నడిపించే చిన్న కార్లకి ఆ చోటే ప్రాణం. అంచేత ఈనాడు రోడ్డు మీద తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ ఇదే అమరిక.

మా కారులో లెక్క ఇది. నిలువుగా ఆ స్ట్రట్టు. దాని పైకొస బాడీకి ఒక రబ్బరు మౌంటు, బేరింగు ద్వారా తగులుకుని వుంటుంది. కింద కొసకి నకిల్, నకిల్‌కి చక్రం. నకిల్ అడుగుభాగాన్ని కారుకి కట్టివుంచేది లోయరు ఆర్ము అనే మూరెడు కంటె పొట్టి ఇనప చెయ్యి. ఆర్ము బయటి కొసన బాల్ జాయింటు: గిన్నెలో గుండు, మన భుజం కీలు లాంటిది. లోపలి కొసన రబ్బరు బుష్షు. ఆ ఆర్ము ముందు వెనకలకి ఊగకుండా పట్టేది స్టెబిలైజర్ బారు కొస. అక్కడ మళ్ళీ రబ్బరు బుష్షులు. బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని వెనక్కి నెట్టే బలమంతా ఆ బుష్షుల మీదే పడుతుంది. మిగిలింది స్టీరింగు రాక్ నుంచి వచ్చే టై రాడ్డు, దాని చివర ఇంకొక చిన్న గుండు కీలు. అంతే. ఒక్కొక్క వైపు లెక్కపెడితే అరిగే జాగాలు ఆరో ఏడో వుంటాయి.

ఇందులో ఒక సంగతి మరిచిపోకూడదు. పై చెయ్యి లేదు కనుక, కింద బాల్ జాయింటు ఊడితే చక్రం అడుగుభాగాన్ని ఆపేవాడు లేడు. చక్రం బయటికి వాలిపోతుంది, కారు ఆ మూల నేలకి కూలబడుతుంది, స్టీరింగు చేతిలో వున్నా లేనట్టే. ఇంటి గేటు ముందు ఊడితే నవ్వుకోవచ్చు. ఘాట్ మలుపులో ఊడితే ఆ సంగతి సావనీరులో రాసేవాడు వుండడు.

అన్నట్టు, పాతకాలపు కార్లకి ఈ కీళ్ళన్నిటికీ గ్రీజు నిపుల్స్ వుండేవి. నెలకోసారో, రెణ్ణెల్లకోసారో కారుని గుంట మీదకి ఎక్కించి గ్రీజు కొట్టించేవారు. మా నాన్నగారి ఆఫీసు అంబాసిడరుకి డ్రైవరు ఆ పని చేయిస్తుంటే చిన్నప్పుడు నేనూ వెళ్ళి చూసేవాణ్ణి; పాత గ్రీజు నల్లగా, పురుగులా మెలికలు తిరుగుతూ బయటికి వచ్చేది. మారుతికి నిపుల్ లేదు. బాల్ జాయింటులో గ్రీజు ఫ్యాక్టరీలోనే నింపి, రబ్బరు తొడుగుతో మూసేస్తారు. "మెయింటెనెన్సు అక్కర్లేదు" అన్నారు, మనం సంతోషించాము. కాని గ్రీజు పేరుతో నెలకొక మనిషి కారు కింద దూరి, దీపం పట్టుకుని చూసేవాడు. ఆ చూపు కూడా పోయింది. మా కారుని ఇరవై ఐదేళ్ళలో ఇంజనాయిలు మార్చడానికి తప్ప కింద ఎవరూ చూడలేదని నా అనుమానం. ఆ రబ్బరు తొడుగు చిరిగిందంటే ఇసకా నీళ్ళూ లోపలికి పోయి గ్రీజుని గంధపుసానలా మారుస్తాయి. తరువాత గుండూ గిన్నే ఒకదాన్నొకటి నూరుకోవడమే పని.

మళ్ళీ కథకి వస్తాను. ఒక మిత్రుడు చెప్పగా ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రిగారి దగ్గరికి కారు తీసుకెళ్ళాను. షెడ్డు చిన్నది, మనిషి అరవై దాటినవాడు. వెంట మన మూడో సంవత్సరం కుర్రాళ్ళిద్దరు, సరదాగా వస్తామంటే తీసుకెళ్ళాను. నేను వెళ్ళగానే ఎలైన్‌మెంట్ కాగితాలు మూడూ ఆయన చేతిలో పెట్టాను. చూడకుండానే మడిచి తిరిగి ఇచ్చేశాడు. "ఇవెందుకు బాబూ, ముందు నాడి చూద్దాం" అన్నాడు.

ఆ నాడి చూడటం ఎలాగో కాస్త వివరంగా రాస్తాను. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. జాకీ, స్టాండ్లు, ఒక ఇనపకడ్డీ, బ్రేకు తొక్కడానికి ఇంకొక మనిషి.

మొదట కారుని నేల మీదే వుంచి ముందు మూలని చేతులతో గట్టిగా కిందకి నొక్కి వదిలాడు. కారు పైకి లేచి, ఒక్కసారి సర్దుకుని నిలబడాలి. ఇంకా రెండు మూడు ఊపులు ఊగితే షాక్ అబ్జార్బరులో నూనె పనిచేయడం లేదన్నమాట. మాది కుడివైపు ఒకటిన్నర, ఎడమవైపు మూడు. షాక్ అబ్జార్బరు ఒళ్ళంతా నూనె, దాని మీద దుమ్ము అంటుకుని గోధుమరంగు పూత. ఐతే ఈ నొక్కుడు పరీక్ష పూర్తిగా చచ్చినదాన్నే పట్టిస్తుంది, సగం చచ్చినదాన్ని పట్టించదు. అది గుర్తుంచుకోవాలి.

తరువాత కారు ఆగివుండగా స్టీరింగు ఆ చివరినుంచి ఈ చివరికి తిప్పమన్నాడు. స్ప్రింగు టంగుమని చప్పుడు చేస్తే పైన బేరింగు పట్టేసిందని అర్థం. అది బాగానే వుంది. కారు నడుస్తూ పూర్తిగా తిప్పినప్పుడు కటకటమని వరసగా వస్తే అది సస్పెన్షను కాదు, ఇరుసు చివరి సీవీ జాయింటు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, మార్చక్కర్లేనివి మార్చి, మార్చవలసినది వదిలేస్తారు.

ఇప్పుడు అసలు పరీక్ష. కారు ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలిపాడు. చక్రాన్ని గడియారం అనుకుంటే, పన్నెండు దగ్గర ఒక చెయ్యి, ఆరు దగ్గర ఒక చెయ్యి వేసి, ఒకటి లాగుతూ ఒకటి నెట్టాలి. ఎడమచక్రం కదిలింది. కంటికి కనపడేటంత. ఈ కదలిక రెండు చోట్లనుంచి రావచ్చు: చక్రం బేరింగు, లేదా కింద బాల్ జాయింటు. ఏదో తేల్చడానికి మేస్త్రిగారు మన కుర్రాడితో, "బ్రేకు తొక్కి పట్టుకో నాయనా" అన్నాడు. బ్రేకు తొక్కితే చక్రమూ నకిల్ ఒకటైపోతాయి. కదలిక బేరింగులోదైతే మాయమవాలి. మాయం కాలేదు. అంటే బాల్ జాయింటు. నా ఇరవయ్యేళ్ళ బోధనానుభవంలో ఇంత తేటగా రెండు కారణాలను విడదీసిన ప్రయోగం ఇంకొకటి చూడలేదు. ఖర్చు సున్నా.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. చక్రం ఇలా వేలాడదీసి బాల్ జాయింటు పరీక్షించడం మారుతికి సరిపోతుంది, ఎందుకంటే ఈ అమరికలో కారు బరువు స్ట్రట్టు మీదుగా పోతుందే తప్ప బాల్ జాయింటు మీద పడదు. పద్మినిలాగా స్ప్రింగు కింది చేతి మీద కూర్చునే బండ్లలో అలా కాదు. చక్రం వేలాడుతుంటే స్ప్రింగు ఆ కీలుని గట్టిగా అదిమిపెట్టి అరుగుదల కనపడనీయదు. అక్కడ జాకీ కింది చేతి కిందే పెట్టి ఎత్తి, కీలు మీద భారం తీసి చూడాలి. బండి మారితే పరీక్షా మారుతుంది.

పిమ్మట మూడు, తొమ్మిది దగ్గర పట్టుకుని ఊపాడు. అది టై రాడ్డు కొసలకి, స్టీరింగు రాక్‌కి. స్వల్పంగా వుంది, ఫరవాలేదన్నాడు. చివరికి ఆర్ము లోపలి కొస దగ్గర ఇనపకడ్డీ పెట్టి తిప్పాడు. ఏడు నెలల కిందట వేసిన కొత్త బుష్షు! రబ్బరు చుట్టూ చిరిగి, లోపలి గొట్టం విడిగా ఆడుతోంది. రెండు వైపులా అంతే. "నకిలీ బుష్షు అంటగట్టాడన్నమాట" అన్నాను కోపంగా. మేస్త్రిగారు రబ్బరు గోటితో గీరి చూసి, "సరుకు మంచిదే. బిగించడమే తప్పు" అన్నాడు. "చక్రం నేల మీద ఆనినాకే దీన్ని బిగించాలి. గాలిలో బిగిస్తే ఆరు నెలలు." ఎందుకని అడిగితే, మా ఉస్తాదు అలా చెప్పాడు, నేను అలా చేస్తున్నాను, నిలుస్తున్నది అన్నాడు.

ఆ రాత్రి కాగితం మీద బొమ్మ వేసుకుంటే తెలిసింది. ఈ బుష్షుకి బయట ఒక ఉక్కు గొట్టం, లోపల ఒక ఉక్కు గొట్టం, మధ్య రబ్బరు రెండింటికీ అతుక్కుని వుంటుంది. బయటి గొట్టం ఆర్ములో బిగువుగా కూర్చుంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బాడీ బ్రాకెట్టుకి పట్టేస్తుంది. అంటే ఇది తిరిగే కీలు కాదు; ఎక్కడా ఏదీ జారదు. ఆర్ము పైకీ కిందకీ ఆడినప్పుడల్లా మధ్య రబ్బరు మెలిపడి, తిరిగి విప్పుకుంటుంది. అందుకే దానికి గ్రీజు అక్కర్లేదు. బోల్టు బిగించిన క్షణాన ఆర్ము ఏ కోణంలో వుంటే, రబ్బరుకి అదే విశ్రాంతి స్థానం.

ఇప్పుడు లెక్క చూడండి. ఆర్ము పొడవు 30 సెంటీమీటర్లు అనుకుందాం. కారు ఎత్తితే చక్రం 8 సెంటీమీటర్లు కిందకి వేలాడిందనుకుందాం. కోణం 15 డిగ్రీల పైమాటే. ఆ స్థితిలో బిగించి కారు దించితే, కారు కదలక ముందే, షెడ్డులో నిలబడివుండగానే, రబ్బరు 15 డిగ్రీలు మెలిపడి వుంటుంది. ఆ మీద గతుకు వచ్చి చక్రం ఇంకో 8 సెంటీమీటర్లు పైకి లేస్తే మెలి 30 దాటుతుంది. నేల మీద బిగించివుంటే అటు 15, ఇటు 15తో సరిపోయేది. రాత్రీ పగలూ, ఇంటి ముందు ఆగివున్నప్పుడు కూడా, రబ్బరు మెడ తిప్పుకుని కూర్చున్న మనిషిలా వుండిపోయిందన్నమాట. చిరగక ఏం చేస్తుంది? ఈ లెక్క మన రెండో సంవత్సరం కుర్రాడు ఎవడైనా చేయగలడు. నేను ఆ షెడ్డులో దగ్గరే నుంచుని, కళ్ళారా చూసి, చేయలేదు.

మరి బాల్ జాయింటు సంగతి? అది పాతదే, ఆ షెడ్డులో మార్చలేదు. బుష్షు కోసం ఆర్ముని ఊడదీసేటప్పుడు సుత్తితో కొట్టడం నాకు జ్ఞాపకం. తొడుగు మీద దెబ్బ తగిలి చిరిగి వుండాలి, ఆ చిరుగు వానాకాలమంతా నోరు తెరుచుకుని వుండాలి. మేస్త్రిగారు విప్పి చూపిస్తే గ్రీజు లేదు, తుప్పు రంగు బురద వుంది. గుండుని వేలితో ఆడిస్తే గిన్నెలో గులకరాయిలా మోగింది. "ఘాట్ ఎక్కి వుంటే?" అన్నాడు మన కుర్రాడు. మేస్త్రిగారు జవాబు చెప్పలేదు.

మర్నాడు పని. ఎడమా కుడీ రెండు వైపులకీ కొత్త ఆర్ములు (ఈ బండికి బాల్ జాయింటు ఆర్ముతోనే కలిసి వస్తుంది), స్టెబిలైజర్ బారు బుష్షులు, ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ, వాటి పై మౌంట్లు. షాక్ అబ్జార్బరు ఒక్కవైపు మార్చవద్దు. ఒక పక్క కొత్తది, ఒక పక్క ముసలిది పెడితే బ్రేకు వేసినప్పుడు కారు వంకరగా వంగుతుంది. బుష్షులు వేరే కొని పాత ఆర్ములో కొట్టిస్తే చవక, నిజమే. ఇరవై ఐదేళ్ళ ఆర్ముకి, సముద్రపు గాలి తిన్నదానికి, ఆ చవక నాకు ఇంక నచ్చలేదు.

చక్రం నట్లు నేల మీద వుండగానే కొంచెం వదులు చేసుకోవాలి. వెనక చక్రాలకి రాళ్ళు, హాండ్ బ్రేకు. జాకీ ఎత్తడానికే, దాని కింద దూరి పని చేయడానికి కాదు. స్టాండ్లు లేకపోతే ఆ రోజు పని మానుకోండి. ముందు రెండు వైపులూ కలిపి ఎత్తాలి. ఒకవైపే ఎత్తితే స్టెబిలైజర్ బారు మెలిపడివుండి దాని కొస ఊడిరాదు, వచ్చినా విసురుగా వస్తుంది. బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె పోసి వుంచితే మంచిది. మాకు వైజాగులో అది సలహా కాదు, అవసరం. ఐనా ఒక బోల్టు పట్టు విడవడానికి గంటన్నర తీసుకుంది.

విప్పే వరస ఇదీ: బారు కొసన వున్న స్ప్లిట్ పిన్ను, కాజిల్ నట్టు, తరువాత నకిల్‌లో బాల్ జాయింటు కాడని పట్టుకునే బోల్టు, చివర ఆర్ము లోపలి బోల్టు. బాల్ జాయింటు కాడ రాకపోతే నకిల్ చీలికలో చిన్న ఉలి పెట్టి సందు చేసి కిందకి లాగాడు. సుత్తి తొడుగు దరిదాపులకి రానివ్వలేదు. స్ప్లిట్ పిన్నులు పాతవి మళ్ళీ వాడకూడదు. ఒక్కొక్కటి రూపాయో రెండో చేసే ముక్క. దాని మీద నట్టు, నట్టు మీద చక్రం ఆధారపడివున్నాయి.

స్ట్రట్టు దగ్గర మాత్రం అందరం దూరంగా జరిగాము. నకిల్ దగ్గరి రెండు బోల్టులూ, పైన బాడీకి వున్న నట్లూ విప్పితే స్ట్రట్టు మొత్తం బయటికి వస్తుంది. నడిమి పెద్ద నట్టు జోలికి మాత్రం పోకూడదు. స్ప్రింగుని నొక్కిపట్టి వుంచేది అదే. ఉజ్జాయింపుగా రెండు వందల కిలోల భారంతో 15 సెంటీమీటర్లు నొక్కుకుపోయిన స్ప్రింగులో దాగివుండే శక్తి సుమారు 150 జౌళ్ళు. పదిహేను కిలోల రాయి మీటరు ఎత్తునుంచి పడినంత, కాని అంతా రెప్పపాటులో, మొహం ఎదురుగా. అంచేత స్ప్రింగు నొక్కే క్లాంపులు రెండు ఎదురెదురుగా బిగించి, స్ప్రింగు పూర్తిగా వదులైందని చేత్తో తిప్పి చూసుకున్నాకే ఆ నట్టు విప్పాలి. కొందరు తాళ్ళు కట్టి చేస్తారట. ఆ షెడ్డుకి మీరు వెళ్ళకండి, మీ పిల్లల్ని పంపకండి. ఇది ఇంట్లో చేసుకునే పని కాదని నా ఉద్దేశం. ఆర్ములూ బుష్షులూ ఐతే జాగ్రత్తగల వాడు చేసుకోవచ్చు.

అన్నీ ఎక్కించాక ఆర్ము లోపలి బోల్టులూ, బారు కొసల నట్లూ చేతితో ఆనేదాకా మాత్రమే తిప్పి వుంచాడు. చక్రాలు వేసి, కారు దించి, ముందుకీ వెనక్కీ రెండు గజాలు తోయించాడు. బానెట్టు మీద నాలుగైదుసార్లు నొక్కి వదిలాడు. కారు తన ఎత్తుకి తాను కుదురుకుంది. అప్పుడు గుంటలోకి దిగి, చక్రాల మీద బరువు వుండగానే, టార్కు రెంచితో బిగించాడు. మన కుర్రాడు లోపలికి తొంగిచూసి, "సార్, దీని గురించి మీరు క్లాసులో చెప్పలేదు" అన్నాడు. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఎలైన్‌మెంట్ చిట్టచివర. ఈ కారులో సరిచేయడానికి వీలుపడేది టో ఒక్కటే, అంటే పైనుంచి చూస్తే రెండు చక్రాల ముక్కులు లోపలికో బయటికో తిరిగిన కొలత. బుష్షులు వదులుగా వుంటే ఆగివున్న కారులో అది ఒకలా వుంటుంది, ఇంజను లాగుతున్నప్పుడు ఒకలా, బ్రేకు వేసినప్పుడు ఇంకొకలా. నా మూడు కాగితాల్లో ఆకుపచ్చ అంకెలు అబద్ధాలు కావు. ఆగివున్న కారుకి అవి నిజాలే. కారు ఆగివుండటానికి కొనుక్కోలేదు మరి.

ఐదువందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఆటోనగర్ వెళ్ళి బోల్టులన్నీ చూపించాను. మేస్త్రిగారు ప్రతి నట్టు మీదా బోల్టు మీదా కలిపి తెల్ల రంగు గీత ఒకటి గీశాడు. గీత చెదిరితే నట్టు కదిలినట్టు. ఇప్పుడు మూడు నెలలకోసారి టార్చిలైటు పట్టుకుని నేనే కింద దూరి ఆ గీతలూ, రబ్బరు తొడుగులూ చూస్తాను. మా అమ్మకి ఆ దృశ్యం చాలా వినోదంగా వుంటుంది. ఆ మార్చిలో అరకు వెళ్ళి వచ్చాము. ఆవిడ దారి పొడుగునా నిద్రపోయింది.

పాత ఎడమ ఆర్ము పారేయనివ్వలేదు, అడిగి తెచ్చుకున్నాను. మెషీన్స్ లాబొరేటరీలో కిటికీ పక్క బల్ల మీద వుంది. చూడదలచిన పాత విద్యార్థులు సావనీరు ఆవిష్కరణ రోజున సాయంత్రం నాలుగింటి తరువాత రావచ్చు. బాల్ జాయింటుని వేలితో ఆడించి చూడండి. చేతికి తుప్పు అంటుతుంది, సబ్బు అక్కడే పెట్టాను.